ప్రోతరాపూర్ జారు

ఫేబే సంగీతం మీద ప్రేమతో ఆ పేపరు తీసుకోలేదు. కంప్యూటరు పేపరులో సీట్లు నిండిపోయాయి. యోగా పేపరుకి పొద్దున్నే ఆరింటికి రమ్మన్నారు, ప్రోతరాపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఆ వేళకి చేరాలంటే ముందు నిద్ర లేవాలి కదా. మిగిలింది ‘సంగీత చరిత్ర, రసాస్వాదన’. సగం మార్కులు పరీక్షకి, సగం ప్రాజెక్టుకి. ఫారం నింపిన రోజే తండ్రి ఫ్రెడ్డీ కూతుర్ని తన పద్ధతిలో ఆశీర్వదించాడు. “మీ తాత నలభై ఏళ్ళకి పైగా సర్చిలో పాటలు నడిపిస్తన్నాడు. ఇందులో కూడా ఫెయిలైతే మరింక దేంట్లో పాసవుతావే బేటీ?”

పాఠం చెప్పే సరోజిని మేడమ్‌ది విజయనగరం. ద్వీపాలకి వచ్చి రెండేళ్ళే అయింది. హిందీలో మొదలుపెట్టి, మధ్యలో ఇంగ్లీషులోకి దిగి, ఆనందం ఎక్కువైతే తెలుగులో తేలేది. మొదటి క్లాసులోనే ఆవిడ తెలుగులో తేలి, “పాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకోవడం చరిత్ర. వచ్చి మనల్ని ఏం చేసిందో తెలుసుకోవడం రసాస్వాదన” అంది. సగం క్లాసుకి అర్థం కాలేదు. ఫేబేకి అర్థమైంది గానీ, హిందీ అక్షరాల్లో రాసుకుంది. తెలుగు గడగడా మాట్లాడుతుంది, పాడుతుంది. రాయమంటే మాత్రం చెమటలు పడతాయి.

ప్రాజెక్టు ఏమిటంటే, ఇంట్లోనో వీధిలోనో పాడే పాట ఒకటి తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకు రావాలి. ఫేబే ఆలోచించే పని లేకుండా తెడ్డు పాటను ఎంచుకుంది. ప్రోతరాపూర్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఆ పాట రాని మనిషి లేడు. “గాలి నీదే, తెడ్డు నీదే, నన్ను నీవే నడుపుమా” అని మొదలవుతుంది. మూడు చరణాలు. మొదటి దాంట్లో ప్రభువు ఒడ్డున నిలబడి జాలర్లను పిలుస్తాడు, రెండో దాంట్లో తుఫాను లేస్తుంది, మూడో దాంట్లో సిలువ. మొదటి రెండూ చప్పట్లతో సాగుతాయి. మూడోది రాగానే చప్పట్లు ఆగిపోతాయి. పాట నెమ్మదిస్తుంది, శ్రుతి కిందికి దిగుతుంది. చివరి మాట దగ్గర జనమంతా కలిసి గొంతును మెల్లగా జార్చి జార్చి, ఇంక వినపడనంత లోతులో వదిలేస్తారు. అక్కడ ముసలమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. ఫేబే వాళ్ళ మామ్మ సంతోషకుమారి అయితే ఒక్క ఆదివారం కూడా తప్పకుండా ఏడుస్తుంది.

తాత ప్రేమయ్య మెరైన్ డిపార్ట్‌మెంటులో వెల్డరుగా రిటైరయ్యాడు. ఎంత వంకర ఇనుమునైనా సర్దుకుపోయి అతికించేవాడు గానీ ఆ మూడో చరణంలో మాత్రం అర మాత్ర తేడా సహించడు. రెండేళ్ళ కిందట కుర్రకారు కీబోర్డు తెచ్చి, ఆ చరణం కూడా మొదటి రెండింటిలాగే హుషారుగా వాయించబోతే ఆరాధన మధ్యలో చెయ్యెత్తి ఆపేశాడు. “అరే, ధీరే! పరుగెత్తితే బస్సు దొరుకుద్ది గానీ ప్రభువు దొరకడు” అన్నాడు. ఆ తర్వాత ఆయనతో ఎవరూ వాదించలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి ఏం లాభం?

ఒక ఆదివారం సరోజిని మేడమ్ స్వయంగా చర్చికి వచ్చి ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చుంది. మూడో చరణం వచ్చేసరికి ఆవిడ పెన్ను ఆగిపోయింది. ప్రార్థన ముగియగానే ఫేబే చెయ్యి పట్టుకుని, “ఆ చివర జారు విన్నావా? మామూలు జారు కాదమ్మా అది. ఇలాంటిది నేనెక్కడా వినలేదు” అంది. గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడాన్ని సంగీతం తెలిసినవాళ్ళు జారు అంటారని ఫేబేకి ఆ రోజే తెలిసింది. అంతవరకూ జారుడంటే వానాకాలంలో చర్చి మెట్లే. మేడమ్ అక్కడికక్కడే దానికి ‘ప్రోతరాపూర్ జారు’ అని నామకరణం కూడా చేసేసింది.

పేరు పెట్టాక బిడ్డ పెరగకుండా ఉంటుందా? ఫేబే ఇంగ్లీషులో ఇరవై రెండు పేజీలు రాసింది. ఆ జారులో సముద్రపు అలల ప్రభావం ఉందని మూడో పేజీలో తేల్చింది. కన్నవాళ్ళను వదిలి ఓడెక్కిన తరాల దుఃఖం ఉందని తొమ్మిదో పేజీలో తేల్చింది. అండమాన్ మీద ఏం రాసినా కాలాపానీ తగలకపోతే మార్కులు రావని సీనియర్లు చెప్పారు కాబట్టి పద్నాలుగో పేజీలో జైలు ఖైదీల నిట్టూర్పు కూడా చేర్చింది. వాళ్ళ వంశంలో ఖైదీలెవరూ లేరు. ముత్తాత సాంబమూర్తి వడ్రంగం పనికి వచ్చి, ఇక్కడి కలప నచ్చి ఉండిపోయాడంతే.

మేడమ్ ఆ పేజీలు చదివి మురిసిపోయింది. మెయిన్‌లాండ్ యూనివర్సిటీ నుంచి తిరుమలరావు అనే ప్రొఫెసర్ గారు వస్తున్నారనీ, శుక్రవారం సెమినారులో ఆయన ముందు ఫేబే ఇది చదవాలనీ, గాయక బృందం పాట పాడాలనీ, ప్రేమయ్య గారు ఐదు నిమిషాలు మాట్లాడాలనీ నిర్ణయించింది. లోటు ఒక్కటే. మొదటి పేజీలో ‘పాట మూలం’ అన్నచోట ఖాళీ ఉండిపోయింది.

“తాతా, ఈ పాట నీకెవులు నేర్పినారు?” అని ఫేబే అడిగింది.

“మెయిన్‌లాండ్ నుంచి వొచ్చింది.”

“మెయిన్‌లాండ్‌లో ఎక్కడ?”

“వైజాగ్ వైపు.”

“ఎవరు పాడినారు?”

“ఎవుడు పాడితే నీకేటి, దేవుడు ఇన్నాడా లేదా? ఛాయ్ తాగు, సల్లారిపోతంది.”

వంటింట్లోంచి మామ్మ అందుకుంది. “ఆ గవరయ్య టేపురికార్డరు మీదే కదా నేర్సుకున్నాం? ఆడినడుగు.”

“ఆడికేటి తెలుసు?” అన్నాడు తాత. అలా అనడానికి అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే అన్నాడు.

గవరయ్య ఇల్లు వాళ్ళకి రెండు స్టాపుల అవతల. ఓడల మీద ఖలాసీగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు వరండాలో కూర్చుని వచ్చే పోయే బస్సుల టైము తప్పులు పడుతుంటాడు. ఫేబే సంగతి చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ట్రంకు పెట్టె తెరిచి, పాలిథిన్ సంచిలో చుట్టిన క్యాసెట్టు, దాంతోపాటే టేపురికార్డరు బయటికి తీశాడు. వైరు గోడకి గుచ్చి, మీట నొక్కి, రెండు దెబ్బలు వేస్తే అది పాడటం మొదలుపెట్టింది.

మొదటి చరణం, రెండో చరణం తెలిసినవే. మూడో చరణం వచ్చింది. ఫేబే అలవాటుగా తల దించుకుంది. కానీ పాట నెమ్మదించలేదు. శ్రుతి దిగలేదు. మగగొంతు అదే హుషారుతో సిలువ దాకా వెళ్ళింది, జారు గీరు ఏమీ లేకుండా అక్కడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, ఇంకో చరణం ఎత్తుకుంది. నాలుగో చరణం! ప్రభువు లేచాడు. తెల్లవారగట్ల ఒడ్డున నిప్పు రాజేసి చేపలు కాలుస్తూ, రాత్రంతా వల వేసి అలిసిపోయిన శిష్యుల్ని అన్నానికి రమ్మని పిలుస్తున్నాడు.

ఫేబేకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

“ఇదేటి తాతా, మనది ఇలగ లేదు కదా?”

గవరయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “ఎలగుంటాదే? సెల్లులు అయిపోనాయి కదా! నలభై రెండేళ్ళ కిందట మీ ప్రార్థన షెడ్డుకి కరెంటు ఏదీ? నా టేపురికార్డరు, నా సెల్లులు. ఆరు పెద్ద సెల్లులు. రోజుకో చరణం ఇనిపించీవోణ్ణి. మూడో రోజుకి సెల్లులు నీరసపడిపోనాయి. కొత్తవి కొందారంటే బజార్ల ఎక్కడున్నాయి, తుఫాను వల్ల మద్రాసు షిప్పు పద్దెనిమిది రోజులు లేటు. ఉల్లిపాయలే లేవు, సెల్లులెక్కడివి? టేపు మెల్లగ తిరిగింది. ఆ పాడీవోడి గొంతు నూతిలోంచి వొచ్చినట్టు వొచ్చింది. సిలువ సరణం కదా, పాపం ఏడుస్తా పాడతన్నాడు అనుకున్నారు మీవోళ్ళు. కొత్త క్యాసెట్టు, అంతకు ముందు నేనూ ఇననేదు, నేనూ అలగే అనుకున్నాను. ఆఖర్న ఊఁ... అని మూలిగి ఆగిపోయింది. బస్, ఖతం, పాట అయిపోయిందనుకున్నాం. ఎలగ ఇన్నారో అలగే నేర్సుకున్నారు. తర్వాత నన్నెవులూ అడగనేదు, నేనూ సెప్పనేదు. మీ తాతకి చెవులు మంచివి మరి, ఆ మూలుగు కూడా ఒదల్లేదు.”

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఫేబే ఇరవై రెండు పేజీల కొండ తవ్వితే ఆరు నీరసపు సెల్లులు దొరికాయి. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. నలభై రెండేళ్ళుగా ప్రోతరాపూర్ సంఘం వారం వారం ప్రభువును సిలువ మీదే వదిలేసి, ఇళ్ళకి వెళ్ళి చేపల పులుసు తింటోంది.

ఆ పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని ఫేబే బస్సెక్కింది. ముందు నవ్వొచ్చింది. గారచర్మ దాటేసరికి నవ్వు పోయి భయం వేసింది. ఈ మాట సెమినారులో చెబితే నవ్వేది తాతను చూసే. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఊరంతటికీ పాట నేర్పినవాడు, బ్యాటరీ మూలుగును భక్తి అనుకున్నాడని కుర్రాళ్ళు ఫోన్లలో వీడియోలు చేస్తారు. చెప్పకపోతే అంతమంది ముందు నిలబడి, తెలిసి తెలిసి ఖైదీల నిట్టూర్పు అని చదవాలి.

మర్నాడు మేడమ్‌కి చెప్పింది. ఆవిడ పాట మొత్తం విని, తల పట్టుకుని, “అయ్యో, నేను పేరు కూడా పెట్టేశానే” అంది. తర్వాత ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక మాత్రం, “పేపరు నీది, తాతగారు నీ తాతగారు. ఏం చెప్పాలో నువ్వే తేల్చుకో. కానీ ఇది తెలిశాక కూడా కాలాపానీ అని చదివావంటే మార్కులు నేనే కోస్తాను” అని తేల్చేసింది.

తాతకు ముందే చెబుదామని ఫేబే రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి ఆయన అద్దం ముందు నిలబడి ఐదు నిమిషాల ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. “గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి” దగ్గర మూడుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి మామ్మ చేత తెల్ల చొక్కా ఇస్త్రీ చేయిస్తూ, కాలరు దగ్గర ముడత పోలేదని పోట్లాడుతున్నాడు. ఆ చొక్కాను చూసి ఫేబేకి నోరు రాలేదు. పిరికిది, నిజమే. ఆ స్థానంలో మీరుంటే చెప్పేవారా?

శుక్రవారం హాలు నిండింది. గాయక బృందం పాడింది. ఫ్రెడ్డీ డోలక్ వాయించాడు, మూడో చరణం దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. జనం గొంతులు జారి జారి నిశ్శబ్దంలో కలిశాయి. బృందం ముందు వరసలో నిలబడిన మామ్మ ఎప్పటిలాగే కళ్ళు తుడుచుకుంది. తిరుమలరావు గారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అమ్మాయ్, అద్భుతంగా ఉంది. ఈ జారు మీవాళ్ళకి ఎక్కణ్ణించి వచ్చింది?” అని అడిగారు.

ఫేబే చేతిలోని పేజీలు చూసింది. ఎదురుగా రెండో వరసలో తెల్ల చొక్కాలో తాత నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆ మొహం చూస్తూ అబద్ధం చదవడం కూడా కష్టమేనని అప్పుడు తెలిసింది.

“సెల్లులు అయిపోయాయి సార్” అంది.

జరిగిందంతా చెప్పింది. ఫోను మైకు దగ్గర పెట్టి అసలు పాట వినిపించింది. మూడో చరణం చెంగుచెంగున పరుగెత్తేసరికి ఒక మూల నవ్వు పుట్టి హాలంతా పాకింది. గాయక బృందంలో వాళ్ళు కూడా ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. తిరుమలరావు గారు, “అంటే మీ బాణీకి గురువు బ్యాటరీ అన్నమాట” అన్నారు. నవ్వు ఇంకా పెద్దదైంది. ఫేబే ఇంక తాత వైపు చూడలేకపోయింది.

చివరికి తలెత్తి చూసేసరికి ఆయన లేచి మైకు దగ్గరికి వస్తున్నాడు. గౌరవనీయులైన ప్రొఫెసర్ గారిని మరిచిపోయినట్టున్నాడు.

“నవ్వండి, పర్లేదు. నవ్వొచ్చే మాటే అది. నేనూ నవ్వినాను. నాకు నలభై రెండేళ్ళ నుంచి తెలుసు సార్” అన్నాడు.

ఫేబే చేతిలో ఫోను ఇంకా పాడుతూనే ఉంది. దాన్ని ఆపింది.

“మేం ఆ పాట నేర్సుకున్న వారానికి, గురువారం నాడు షిప్పు వొచ్చింది. కొత్త సెల్లులు ఎట్టి ఇన్నాను. అరే, ఇంత హుషారుగ ఉంది, ఇంకో సరణం కూడా ఉంది, ఎంత తప్పు నేర్పీసినాను అనుకున్నాను. ఆదివారం అందరికీ మళ్ళీ నేర్పాలనుకున్నాను. శనివారం మా పెద్దపిల్ల పోయింది. క్యారొలిన్. నాలుగేళ్ళు. రెండు రోజుల జొరం, అంతే.”

హాలులో నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు.

“మట్టి ఇచ్చినప్పుడు అందరికీ నోటికొచ్చిన కొత్త పాట అదే కదా, అదే పాడినారు. మా ఇంటిది అప్పటిదాకా ఏడవనేదు. రాయిలాగ నిలబడిపోయింది. నాకు భయమేసింది సార్, ఈ మనిషి కూడా పోతాదని. మూడో సరణం ఆఖర్న, మీరు జారు అంటన్నారు కదా, అక్కడ ఏడ్సింది. మరి తర్వాత వారం నేను లేసి, అలగ కాదమ్మా, జల్దీ జల్దీ పాడాల, సప్పట్లు కొట్టాల అని ఎలగ సెప్పను? నాలుగోది ఆయన లేసిన సరణం. ఆయన లేసినాడు, నా పిల్ల లేవనేదు. నాకు నోటికి రానేదు. తర్వాత సెప్దాం, తర్వాత సెప్దాం అనుకున్నాను. ఇన్నేళ్ళయిపోయింది.” ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు ఒక క్షణం ఆగి, “బస్, అంతే” అని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సరోజిని మేడమ్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఫేబేకి సిగ్గేసింది. ఎప్పుడూ చూడని ఖైదీల దుఃఖం మీద, అలల దుఃఖం మీద అన్ని పేజీలు నింపింది. వాటిలో తన ఇంటి దుఃఖం ఒక్క లైను లేదు. ఆదివారం ఆదివారం పక్కనే నిలబడి ఏడ్చే మామ్మను, “ఎందుకు మామ్మా?” అని ఒక్కసారి అడగలేదు. ముసలమ్మలు ఏడుస్తారు కదా అనుకుంది.

తిరుగు బస్సులో అందరూ ముందు సీట్లలోకి సర్దుకుని, ప్రేమయ్యనీ సంతోషకుమారినీ వెనక సీటుకి వదిలేశారు. ఫేబే వాళ్ళ ముందు సీటులో కూర్చుంది. జంగ్లీఘాట్ దాటింది, డెయిరీ ఫామ్ దాటింది, మామ్మ మాట్లాడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. తాత చొక్కా కాలరు సర్దుకుని, మళ్ళీ సర్దుకుని, చివరికి టికెట్టు చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. ఇంతమందిలో బయటపెట్టినందుకు ఆవిడకి కోపం వచ్చిందనుకున్నాడు. ఫేబే కూడా అలాగే అనుకుంది.

“ఏటో ఉందంటన్నావు కదా, నాలుగోది,” అంది మామ్మ కిటికీ వైపే చూస్తూ. “పాడు.”

“బస్సులోనా?”

“మరెక్కడ? నలభై రెండేళ్ళు సర్చిలో పాడనేదు కదా.”

తాత అటూ ఇటూ చూశాడు. కండక్టరు దూరంగా ఉన్నాడు. ఎదుటి సీటు వీపు మీద చెయ్యి వేసి, నేలకేసి చూస్తూ, చాలా చిన్నగా ఎత్తుకున్నాడు. “తెల్లవారెను, ఒడ్డు మీద నిప్పు వెలిగెను చూడుమా... రండి తినుడని పిలుచువాడు ప్రభువు కాడా చెప్పుమా...” ఒక్క మాట తడుముకోలేదు. ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళూ లోపల పాడుకుంటూనే ఉన్నాడని ఫేబేకి అర్థమైంది. వెనక్కి తిరిగి చూడలేదు.

మామ్మ చరణం చివరిదాకా విన్నది. ఈసారి ఏడవలేదు.

“శ్రుతి తక్కువెట్టినావు,” అంది. “మళ్ళీ ఎత్తు.”

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో లైనుకి ఆవిడ గొంతు కలిపింది.